రెండు గంటల ఆరు నిమిషాలకు తగ్గిన వేడి

"తలుపు వేసెయ్యండి," అన్నాడు సన్యాసిరాజు గది లోపలి నుంచి.

సుబ్బరాజు చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. "మీరు లోపలుండగానాండీ?"

"అవును. గడియ కూడా పెట్టండి. నేను లోపల్నుంచి తలుపు బాదుతాను. వినపడితే తియ్యండి. వినపడకపోతే సరిగ్గా నాలుగు నిమిషాలకి తియ్యండి."

"మీకేవైనా అయితే నా మీదకొస్తుందండీ."

"సోమవారం రాలేదు కదా," అన్నాడు సన్యాసిరాజు.

తలుపు మూసుకుంది.

ఏ.ఎస్. రావు నగర్‌లోని అగ్రణి సిస్టమ్స్ కంప్యూటర్లు బిగించి ఆసుపత్రులకు అమ్మే కంపెనీ. బిగించిన ప్రతి కంప్యూటర్‌నూ రెండు రోజులు ఈ గదిలో పెట్టి, క్షణం విరామం లేకుండా పూర్తి పనితో నడిపిస్తారు. ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో రెండేసి నిమిషాలకు ఒకసారి రాసుకుంటారు. వేడికి చచ్చే మెషిన్ ఇక్కడే చావాలి, రోగి పక్కన కాదు. అందరూ దాన్ని హాట్ రూమ్ అంటారు. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. గోడలకు థర్మోకోల్, దాని మీద రేకు. కిటికీ లేదు. ఇరవై కంప్యూటర్లు తాళాలేసిన ఇనుప జాలీ బీరువాల్లో ఉంటాయి. వాటి కరెంటు తీగలు గోడ అవతలి నుంచి వస్తాయి. వాటిని నడపాలన్నా ఆపాలన్నా బయట నడవాలో ఉన్న టేబుల్ దగ్గర కూర్చోవాల్సిందే. లోపలున్న మనిషి దేన్నీ ఆపలేడు. వేడిని బయటికి తోసేది ఒకే ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్. దాని స్విచ్చి కూడా తలుపు బయటే.

సోమవారం మధ్యాహ్నం ఈ గదిలో యశ్వంత్ చచ్చిపోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఇక్కడ టెస్టింగ్ ఇంజనీరు. సాయంత్రం ఐదూ పదికి గడియ తీసి శవాన్ని చూసింది సెక్యూరిటీ గార్డు జకర్యా. ఏడు గంటలకల్లా పోలీసులు జకర్యానే పట్టుకుపోయారు. లోపల మనిషున్నాడో లేడో చూడకుండా ఒంటిగంటా ఇరవైకి గడియ పెట్టాడని కేసు. గడియ తాను పెట్టలేదని జకర్యా మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అతని కూతురు ప్రేమమణి బుధవారం సన్యాసిరాజు ఆఫీసు మెట్లెక్కింది.

సన్యాసిరాజు పోలీసువాడు కాదు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు మీటర్లు, థర్మామీటర్లు సరిచూసే విభాగంలో పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని, మూడేళ్ళ క్రితం బన్సీలాల్‌పేట్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టాడు. విజయనగరం వైపు మనిషి. మనుషుల మాటలకన్నా మీటరు ముల్లును ఎక్కువ నమ్ముతాడు.

మొదటి నిమిషానికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. గోడ మీద థర్మామీటర్ నలభై నాలుగు చూపిస్తోంది. ఇరవై మెషిన్ల ఫ్యాన్లు ఒక్కటిగా చేస్తున్న హోరులో తన గొంతు తనకే వినపడలేదు. పిడికిలితో బాదాడు. తర్వాత బూటు విప్పి మడమతో బాదాడు. మూడో నిమిషానికి అతనికి ఒక విషయం అర్థమైంది. యశ్వంత్ చచ్చేదాకా బాదినా ఎవరికీ వినపడి ఉండదు. ఏ చప్పుడూ వినలేదన్న సాక్షులెవరూ అబద్ధం చెప్పడంలేదు. అదే అన్నిటికన్నా అన్యాయం.

నాలుగు నిమిషాలకు తలుపు తెరుచుకుంది.

"ఏవీ వినపళ్ళేదండీ," అన్నాడు సుబ్బరాజు. కంపెనీ యజమాని అతనే. భీమవరం నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. చొక్కా ఎక్కడా నలగని మనిషి.

"వినపడదు." సన్యాసిరాజు బూటు తొడుక్కుంటూ ఎగ్జాస్ట్ స్విచ్చి ఆపాడు, మళ్ళీ వేశాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. "దీన్నెవరు బాగుచేశారు?"

"ఎవరూ చెయ్యలేదండీ. అది పాడైతే కదా."

"ఐదూ పదికి తలుపు తీసినప్పుడు స్విచ్చి వేసే ఉంది, ఫ్యాన్ మాత్రం తిరగడంలేదని జకర్యా మొదటి వాంగ్మూలంలో చెప్పాడు."

"గాభరాలో మనిషికి ఏం కనపడుతుందండీ?"

"సోమవారం ఒంటిగంట నుంచి మీరెక్కడున్నారు?"

"పైన నా క్యాబిన్‌లో. నలభై మెషిన్లు ఆసుపత్రికి వెళ్ళాలి. కాగితాలు చూసుకుంటున్నాను. స్టాఫంతా కింద లారీకి ఎక్కిస్తున్నారు. రెండున్నరకి లారీ కదిలింది. వాళ్ళూ దాంతోనే వెళ్ళిపోయారు, అక్కడ బిగించడానికి."

"ప్రేమమణి?"

"ఆ అమ్మాయిని రెండుంబావుకి బొల్లారం పంపాను, డ్రాయింగులిచ్చి రమ్మని. గేటు రిజిస్టర్‌లో ఉంది చూడండి."

"చూశాను. అంటే రెండున్నర తర్వాత ఈ బిల్డింగులో ముగ్గురే. గేటు దగ్గర జకర్యా, పైన మీరు, ఇక్కడ యశ్వంత్. మీ టెస్టింగ్ ఇంజనీరు మూడు గంటలు కనపడకపోతే మీరు వెతకలేదా?"

"లారీతో వెళ్ళాడనుకున్నానండీ."

జవాబు తడుముకోకుండా వచ్చింది. సన్యాసిరాజు నడవాలోని టేబుల్ వైపు నడిచాడు. కంప్యూటర్ పక్కన పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరొకటి దుమ్ముపట్టి ఉంది. అతను చూస్తుండగానే అది కీచుమని ఒక వరస అంకెలు కొట్టి ఆగింది.

"ఇదేంటి?"

"టెంపరేచర్లండీ. యశ్వంత్ ఛాదస్తం. కంప్యూటర్‌లో రాసుకున్నది చెరిపేయొచ్చట, కాగితం చెరగదట. అంతా చెత్త."

"కంప్యూటర్‌లో సోమవారం రికార్డు ఉందా?"

సుబ్బరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. "పోయిందండీ. వైరస్."

సన్యాసిరాజు మోకాళ్ళ మీద కూర్చుని ప్రింటర్ వెనక అట్టపెట్టెలో చెయ్యి పెట్టాడు. చిల్లుల అంచున్న కాగితం మడతలు మడతలుగా కుప్పపడి ఉంది. శుక్రవారం, గురువారం, బుధవారం. కిందకి వెళ్ళేకొద్దీ కాగితం చల్లగా తగిలింది. సోమవారం దొరికింది.

ఒక్కో వరసకు ముందు సమయం, తర్వాత ఇరవై మెషిన్ల వేడి. వేలితో వరసలు దిగుతూ వెళ్ళాడు. ఒంటిగంటా ఇరవై దాకా అన్నీ అరవై ఒకటి, అరవై రెండు. అక్కణ్ణుంచి పెరగడం మొదలైంది. ఫ్యాన్ ఆగిందన్నమాట. రెండూ నాలుగుకి డెబ్బై మూడు. రెండూ ఆరుకి డెబ్బై. రెండూ ఎనిమిదికి అరవై ఆరు.

వేలు ఆగిపోయింది.

"ఏందీ రాజు గారూ," అంది వెనక నుంచి ఒక గొంతు. "మా పంచనామా సరిపోలేదా? మీరు సుత ఒకటి రాస్తున్నరా?"

ఇన్‌స్పెక్టర్ రాములు. ఈ కేసు అతనిదే. సుబ్బరాజే ఫోన్ చేసి పిలిపించి ఉంటాడు. రాములుకీ సన్యాసిరాజుకీ ఇది రెండో తగాదా. మొదటిసారి సన్యాసిరాజు గెలిచాడు. రాములు అది మర్చిపోలేదు.

"మీరు చూడని కాగితం ఒకటుంది, చూస్తారా?"

"జెర చూపియ్యండి."

సన్యాసిరాజు వరసల మీద వేలుపెట్టి చూపించాడు. "ఒంటిగంటా ఇరవైకి గడియ పెట్టి ఐదూ పదిదాకా తలుపు తియ్యలేదని కదా మీ కేసు. మరి రెండూ ఆరుకి వేడెందుకు తగ్గింది? తలుపు తెరిచారు. ఫ్యాన్ కూడా వేశారు. రెండూ ఇరవైకి అరవై మూడుకి దిగిపోయింది. రెండూ ఇరవై రెండు నుంచి మళ్ళీ ఎక్కింది. మూడుంబావు నుంచి మెషిన్లే తట్టుకోలేక ఒక్కొక్కటీ ఆగిపోయాయి. పోస్టుమార్టం ప్రకారం ప్రాణం పోయింది మూడున్నర తర్వాత. అంటే రెండూ ఆరుకి యశ్వంత్ బతికే ఉన్నాడు. ఎవరో వచ్చి చూశారు."

రాములు కాగితాన్ని వెలుగులోకి వంచాడు. అంచున బాల్‌పెన్నుతో రాసిన అక్షరాలు అతనికే ముందు కనపడ్డాయి. "ఇదేం రాత?"

సోమవారం, పన్నెండూ యాభై. యశ్వంత్ చేతిరాత. *ఏడో మెషిన్. ప్రాసెసర్‌కి తీగ థర్మామీటర్ తగిలించి చూశాను. అసలు వేడి 84. స్క్రీన్ మీద 61. అన్నీ 23 తక్కువ చూపిస్తున్నాయి. లారీ ఆపాలి.*

రాములు ఆ రాతను పైకి చదివాడు.

"ఇదీ కారణం," అన్నాడు సన్యాసిరాజు. "మా ఫ్యాక్టరీలోనూ ఈ మోసం చూశాను. పాత ప్రాసెసర్లకి కొత్త పేరు చెక్కి, వాటి శక్తికి మించి పరిగెత్తిస్తున్నారు. అవి మండిపోతాయి. మండుతున్నట్టు తెలియకుండా ఇరవై మూడు తగ్గించి చూపించమని లోపలి ప్రోగ్రామ్‌నే మార్చారు. ఇవి ఆసుపత్రిలో రోగి గుండె, ఊపిరి చూపించే మెషిన్లు. వార్డులో ఏసీ ఓ గంట ఆగితే చాలు, స్క్రీన్ నల్లబడిపోతుంది. యశ్వంత్‌కి అది తెలిసిపోయింది."

"చచ్చిపోయిన కుర్రాడి పిచ్చిరాతండీ అది," అన్నాడు సుబ్బరాజు మెల్లగా. "నాతో ఒక్క ముక్క అన్లేదు."

రాములు గడ్డం గోక్కున్నాడు. "ఇరవై మూడు తక్కువ జూపే మిషన్ మాట కోర్టుల ఎట్ల నమ్మాలె రాజు గారూ?"

"ఎంత వేడో అబద్ధం చెబుతోంది. ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో నిజమే చెబుతోంది. మీ గడియారం పది నిమిషాలు వెనకున్నా, గంట గడిచిందన్న మాట అబద్ధం కాదు కదా."

"మంచిగ జెప్పిండ్రు." రాములు కాగితాన్ని చిల్లుల దగ్గర నెమ్మదిగా చింపి మడిచాడు. "అంటే రెండూ ఆరుకు తలుపు తీసినోడు లోపల మనిషిని చూసిండు. చూసి సుత మళ్ళ మూసిండు. మరి ఇది నిర్లక్ష్యం కాదు. ఖూన్."

"అదే నేను..."

"రెండు గంటలకు లారీ కాడ్నుంచి లోపలికి పోయింది జకర్యా ఒక్కడే. నీళ్ళు తాగనీకి పోయిండని లోడింగ్ చేసే ఇద్దరు చెప్పిండ్రు. వాళ్ళ మాట ఇయ్యాల్టిదాంక నాకెందుకూ పనికిరాలే." రాములు నవ్వాడు. "రెండేండ్ల జైలు కేసు తెచ్చి నా చేతిల మూడొందల రెండు సెక్షన్ పెట్టిండ్రు. షుక్రియా."

సన్యాసిరాజుకి తన తప్పు తెలిసొచ్చింది. తలుపు ఎవరు తీశారో తెలియకుండానే తీశారని నిరూపించాడు. సొంత క్లయింటు తండ్రి మెడకి ఉరి తానే పేని ఇచ్చాడు.

"కనీసం జిరాక్స్ ఇప్పించండి," అన్నాడు చివరికి.

"ఇప్పిస్త. మీరు పట్టిందే గదా."

సుబ్బరాజు వాళ్ళను పైన తన క్యాబిన్‌కి తీసుకెళ్ళాడు. జిరాక్స్ మెషిన్ అక్కడే ఉంది. కాగితం తిరిగి వచ్చేదాకా సన్యాసిరాజు గోడకున్న కరెంటు బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక వీధి చివర ఎస్.టి.డి. బూత్ నుంచి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. కంప్యూటర్లు చూసుకునే అతను ఓపిగ్గా విన్నాడు. "నలభై బిగించాం సార్. అన్నీ నార్మల్‌గానే చూపిస్తున్నాయి," అన్నాడు. చూపించేదే అబద్ధమని సన్యాసిరాజు మళ్ళీ చెప్పాడు. "రాతపూర్వకంగా పంపండి, సోమవారం మా సూపరింటెండెంట్ మేడం చూస్తారు," అని అటువైపు పెట్టేశారు.

*

శనివారం ఉదయం పది గంటలకు ప్రేమమణి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. అగ్రణిలో మూడేళ్ళుగా యశ్వంత్ పక్క సీటు. తండ్రి గేటు దగ్గర కాపలా, కూతురు నడవాలో టెస్టింగ్ అసిస్టెంట్.

"డాడీకి బెయిల్ వస్తుందా సార్?"

సన్యాసిరాజు డ్రాయరు తెరిచాడు. జిరాక్స్ కాగితం ఆమె ముందు పరిచాడు. రాత్రంతా చూసి చూసి అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"నిన్న నేను ఏడో మెషిన్ నుంచి ఇరవై దాకానే చూశాను. ఏడో మెషిన్ పక్కన యశ్వంత్ రాత ఉంది కాబట్టి కళ్ళు అక్కడే ఆగాయి. ఇప్పుడు నువ్వు మొదటి ఆరూ చూడు. రెండూ ఆరుకి డెబ్బై. రెండూ ఎనిమిదికి?"

ఆమె చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకు లేదని అతనికి అప్పుడే అర్థమైంది.

"నలభై తొమ్మిది," అన్నాడతను. "తలుపు తీస్తే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. ఫ్యాన్ వేస్తే ఇంకో మూడు. రెండు నిమిషాల్లో ఇరవై ఒకటి తగ్గాలంటే ప్రాసెసర్ పని ఆపెయ్యాలి. ఎవరో టేబుల్ దగ్గర కూర్చుని, పాస్‌వర్డ్ కొట్టి, ఆరు మెషిన్ల టెస్టు ఆపారు. లోపలివాడికి కాస్త సెగ తగ్గాలని. చంపాలనుకున్నవాడు ఆ పని చెయ్యడమ్మా. మీ నాన్నకి ఆ కంప్యూటర్ ముట్టుకోవడం కూడా రాదు. పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. ఒకడు లోపలున్నాడు."

కింద రోడ్డు మీద కూరగాయల బండివాడు అరుచుకుంటూ వెళ్ళాడు. ప్రేమమణి కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"లారీ వెళ్ళేదాకానే అన్నారు సార్," అంది.

"ఎవరు?"

"సుబ్బరాజు సార్. ఒకటింపావుకి ఇంటర్‌కమ్‌లో. 'యశ్వంత్ హాట్ రూమ్‌లో ఉన్నాడు, గడియ పెట్టెయ్యి, లారీ కదలగానే నేనే తీస్తాను, లేకపోతే లొల్లి చేస్తాడు' అన్నారు. మెషిన్లలో మోసం ఉందని నాకు తెల్దు సార్. వాళ్ళిద్దరి గొడవేదో అనుకున్నా. పెట్టేశాను."

"ఫ్యాన్?"

"నేను ఆపలేదు. రెండింటికి స్క్రీన్‌లో డెబ్బై మూడు చూసి భయమైంది. పరిగెత్తుకెళ్తే స్విచ్ ఆఫ్‌లో ఉంది. వేసి తలుపు తీశా. యశ్వంత్ కింద కూర్చుని ఉన్నాడు, మొహం ఎర్రగా. నా బాటిల్ ఇచ్చాను. మొత్తం తాగాడు. లేచి నిలబడలేకపోతున్నాడు, అయినా 'లారీ ఆపు ప్రేమా, పిల్లల వార్డుకి పోతున్నయి అవి' అన్నాడు." ఆమె కాగితం మీద రెండూ ఎనిమిది వరసను వేలితో తాకింది. "నేను 'ఇంకో అరగంట ఓర్చుకో' అన్నా. ఆ మాటే అన్నా సార్. తలుపు వేసేశాను. నా ఉద్యోగం, డాడీ ఉద్యోగం రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆరు మెషిన్లు ఆపాను. అన్నీ ఆపితే పైన ఆయన స్క్రీన్‌లో తెలిసిపోతుందని ఆరే ఆపాను. ఇంతలో ఆయన పిలిచి బొల్లారం పొమ్మన్నారు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర అంబులెన్స్ ఉంది."

"నన్నెందుకు పెట్టుకున్నావు?"

"మీరు ఆయన్ని పట్టుకుంటారనుకున్నా. నేను చెప్పకుండానే."

సన్యాసిరాజుకు కోపం రావాలి. రాలేదు. కాగితం మీద మరో వరస చూపించాడు. "నువ్వు ఫ్యాన్ వేసే వెళ్ళావా?"

"వేసే వెళ్ళాను సార్. తిరగడం విన్నాను కూడా."

"రెండుంబావుకి గేటు దాటావు. రెండూ ఇరవై రెండుకి ఫ్యాన్ మళ్ళీ ఆగింది. అది నువ్వు కాదు. ఇప్పుడు ఈ మాటలే మెజిస్ట్రేటు ముందు చెప్పాలి. నీకూ శిక్ష పడుతుంది. కానీ మీ నాన్న బయటికొస్తాడు, సుబ్బరాజు లోపలికెళ్తాడు. చెబుతావా?"

ఆమె కాగితాన్ని మడిచి అతనికిచ్చింది. "చెబుతాను."

అప్పుడే ఫోన్ మోగింది. రాములు.

"రాజు గారూ, మీ కష్టం తప్పింది. జకర్యా ఒప్పుకుంటా అన్నడు. పొద్దుగాలనే మెజిస్ట్రేటు కాడికి తోలుకొచ్చినం. ఇప్పుడు లోపల చెప్తున్నడు."

*

ఆటో కోర్టు ముందు ఆగేసరికి పదకొండూ నలభై. మెజిస్ట్రేటు గది బయట వరండాలో రాములు నిలబడి ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య జకర్యా అప్పుడే బయటికొచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఐదు రోజుల్లో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. కూతుర్ని చూడగానే అతని మొహంలో వింతగా ఒక ఊరట కనపడింది. ఏదో పెద్ద పని పూర్తి చేసి వచ్చినవాడిలా.

"ఏం చెప్పారు?" అని సన్యాసిరాజు రాములుని అడిగాడు.

"అన్నీ. పోరనితోని పాత పగ ఉండెనట. గడియ పెట్టిండు, రెండూ ఆరుకు చూసిండు, మళ్ళ మూసిండు. మిషన్లు ఆరు ఆపింది సుత తనే అన్నడు."

"ఎలా ఆపాడట?"

"బటన్ ఒత్తిండట."

"అక్కడ బటన్ లేదు ఇన్‌స్పెక్టర్ గారూ."

రాములు జకర్యా వైపు ఒకసారి చూశాడు.

"మరి ఫ్యాన్? స్విచ్చి వేసే ఉందని సోమవారం తనే చెప్పాడే."

"దానికి సుత జవాబు చెప్పిండు. స్విచ్చి ఆపలేదట. బోర్డుల ఫ్యూజు పీకిండట. పోరడు సచ్చినంక మళ్ళ పెట్టిండట."

సన్యాసిరాజు ఆ మాట పట్టుకున్నాడు. ఫ్యూజు. ఆ మాట వాంగ్మూలంలో లేదు, పంచనామాలో లేదు, తన కాగితంలో లేదు. స్విచ్చి వేసి ఉన్నా ఫ్యాన్ ఎందుకు ఆగిందో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అది ఫ్యాన్ ఆపినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియడానికి వీల్లేదు.

"ఆ ఫ్యూజు బోర్డు ఎక్కడుందో తెలుసా మీకు? నిన్న జిరాక్స్ తీయించుకున్నాం చూడండి, ఆ గదిలో. సుబ్బరాజు కుర్చీ వెనక గోడకి. ఆయన బిల్డింగులో ఉండగా ఆ గదిలోకి గార్డు ఎలా వెళ్తాడు?" అతను జకర్యా వైపు తిరిగాడు. "ఫ్యూజు సంగతి నీకెవరు చెప్పారయ్యా?"

జకర్యా కూతురి వైపు చూశాడు.

"నిన్న సాయంత్రం వకీలొకరు వచ్చి కలిసిండు," అన్నాడు రాములు నెమ్మదిగా. అతని గొంతులో వెటకారం పోయింది. "నరసరాజు అని. ఫీజు లేకుండ వాదిస్తా అన్నడు."

"డాడీ, నేను లోపలికి పోయి చెప్తా," అంటూ ప్రేమమణి తలుపు వైపు కదిలింది. "గడియ పెట్టింది నేను..."

"సప్పుడు జేయకు బిడ్డా!" జకర్యా అరుపుకి వరండాలో జనం తిరిగి చూశారు. వెంటనే గొంతు తగ్గించాడు. "నువ్వు ఆ దినం బొల్లారంల ఉన్నవ్. గంతే. నేను సంతకం పెట్టిన."

సన్యాసిరాజు అతని దగ్గరికెళ్ళి, ఇద్దరికే వినపడేటట్టు చెప్పాడు. "జకర్యా, విను. యశ్వంత్‌ని చంపింది నీ కూతురు కాదు. ఆమె వెళ్ళాక రెండూ ఇరవై రెండుకి ఫ్యూజు పీకినవాడు చంపాడు. నువ్వు కాపాడింది నీ బిడ్డని కాదు, వాణ్ణి. లోపలికెళ్ళి ఆ మాటలు అబద్ధమని చెప్పు. ఇంకా టైముంది."

జకర్యా కళ్ళలో ఒక్క క్షణం ఏదో కదిలింది. మళ్ళీ ఆరిపోయింది.

"గట్లంటే ఆమె పేరు బయటికొస్తది గద సార్," అన్నాడు. "గడియ పెట్టింది, తీసింది, మళ్ళ పెట్టింది ఆమెనే అని వకీలు సారు చెప్పిండు. ఆయనకు ముందే ఎరుక. పోలీసులు చంపింది ఎవరని జూడరు, గడియ ఎవరిదని జూస్తరు. నేను ఒప్పుకుంటే ఆమె పేరు ఎవ్వరు ఎత్తరని మాటిచ్చిండ్రు. నన్నిట్ల ఇడిసిపెట్టుండ్రి."

"రాములు గారూ! గడియ పెట్టమని ఇంటర్‌కమ్‌లో ఈ అమ్మాయికి చెప్పింది సుబ్బరాజేనట!"

"నాకు సుత అనుమానమొస్తున్నది," అన్నాడు రాములు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "కానీ మెజిస్ట్రేటు రాసుకున్నంక నేనేం జేయాలె? ఆ పిల్ల పోయి నేను జేసిన అంటే, తండ్రి కోసం అన్నదంటరు. లేకుంటే ఇద్దర్నీ కలిపి లోపలేస్తరు. సుబ్బరాజు నోటితోని చెప్పిండు. నోటి మాటకు జిరాక్స్ ఉండదు గద."

కానిస్టేబుళ్ళు జకర్యాను వ్యాన్ ఎక్కించారు. ప్రేమమణి వ్యాన్ వెనక నాలుగడుగులు వేసి ఆగిపోయింది. తండ్రి జాలీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. ఊపితే ఆమె మళ్ళీ పరిగెత్తుకొస్తుందని భయపడ్డట్టున్నాడు.

వ్యాన్ గేటు దాటింది. వరండా మెట్ల మీద నుంచి నల్లకోటు మనిషొకడు తీరిగ్గా దిగి, సన్యాసిరాజును దాటుకుని నేరుగా ప్రేమమణి దగ్గరికొచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నేను నరసరాజుని. మీ నాన్నగారి సంగతి నేను చూసుకుంటాను, మీరేం దిగులుపడకండి," అన్నాడు ఎంతో మర్యాదగా. "సుబ్బరాజు గారు మిమ్మల్ని రేప్పొద్దున్నే డ్యూటీకి రమ్మన్నారు. ఆదివారమైనా సరే, ఎవరూ ఉండరు కాబట్టి పని తొందరగా అవుతుందన్నారు. హాట్ రూమ్ ఇకమీదట మీరే చూసుకోవాలట."

ప్రేమమణి తల తిప్పి సన్యాసిరాజు వైపు చూసింది. వద్దని చెప్పడానికి అతను నోరు తెరిచేలోపే, తండ్రి వ్యాన్ వెళ్ళిన గేటు వైపు ఒకసారి చూసి, వకీలుకి సరేనన్నట్టు తలూపింది.